స్విచ్ కొనేముందు వాట్ల లెక్క

అమ్మాయ్,

కెమెరాలు, వైఫై యాక్సెస్ పాయింట్లు, ఫోన్లు అన్నిటికీ నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపిస్తాను పెదనాన్నా, అడాప్టర్ల గోల వద్దు అన్నావు. మంచి ఆలోచనే. దీన్నే పవర్ ఓవర్ ఈథర్నెట్ అంటారు. ఈ కేబుళ్లన్నీ తగిలించే నెట్‌వర్క్ డబ్బా, అదే స్విచ్, ఏది కొనాలని కదా అడిగావు, దానికింకా తొందరేం లేదు. ముందు కాగితం తీసి ఒక్కో పరికరం గరిష్ఠంగా ఎన్ని వాట్లు తింటుందో రాసుకో. సగటు కాదు, గరిష్ఠం. కెమెరా పగలు తక్కువే తీసుకుంటుంది, చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగితే అసలు ఆకలి బయటపడుతుంది. పగలంతా బాగుండి రాత్రిపూట ఆగుతూ, మళ్లీ మొదలవుతూ ఉంటే కెమెరాని మార్చేయకు, దానికి కరెంటు చాలుతోందా అని ముందు చూడు.

స్విచ్ డబ్బా మీద రాసే అంకె పోర్టు దగ్గరిది, అంటే కేబుల్ గుచ్చే చోటిది, పరికరానికి చేరేది కాదు. ఇలా కరెంటు పంపడానికి 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ అనే ప్రమాణంలో పోర్టు 15.4 వాట్లు ఇస్తే, అవతలి కొసకి ఖాయంగా అందేది 12.95. మిగతా 2.45 వాట్లు తీగలోనే వేడిగా పోతాయి. కావాలంటే లెక్క కట్టి చూడు: 0.35 ఆంపియర్లు, 20 ఓమ్‌ల తీగ, కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించు, సరిగ్గా అంతే వస్తుంది. దాని తర్వాతి ప్రమాణం, 2009 నాటి 802.3ఏటీలో పోర్టు 30 ఇస్తే అందేది 25.5. 2018 నాటి 802.3బీటీలో 60కి 51, 90కి 71.3. నీ కాగితం మీది వాట్లను ఈ రెండో అంకెతోనే పోల్చు.

ఇంకో కిటుకుంది. ఎనిమిది పోర్టులున్నాయి, ఒక్కోటి 30 వాట్లిస్తుంది అంటే మొత్తం 240 ఇస్తుందని కాదు. లోపలి పవర్ సప్లై 120కే సరిపోయేది కావచ్చు. స్పెసిఫికేషన్లలో పవర్ బడ్జెట్ అని విడిగా ఉంటుంది, అది చూసి కొను. మొత్తం మీద పావు వంతు మిగులు ఉంచుకో, రేపు ఇంకో కెమెరా పెట్టమని ఎవరో ఒకరు అడక్క మానరు.

ఇక కేబుల్. డబ్బు మిగల్చాలని అందరూ చెయ్యి పెట్టేది ఇక్కడే, నీకు నేను గట్టిగా చెప్పేదీ దీని గురించే. సీసీఏ అని అమ్ముతారు, పైన రాగి పూత, లోపల అల్యూమినియం. నిరోధం రాగికి దాదాపు ఒకటిన్నర రెట్లు, అంటే నష్టమూ వేడీ ఆ లెక్కనే పెరుగుతాయి. డేటా మాత్రం బాగానే పోతుంటుంది కాబట్టి అనుమానం రాదు. ఒక పోగు తీసి బ్లేడుతో గీరు. ఎంత గీరినా ఎర్రగానే ఉంటే రాగి, తెల్లగా మెరిసిందా, చుట్ట చుట్టి వాపసు ఇచ్చెయ్. గోడల్లో పోయే లైనుకి పూర్తి రాగిది, ఒంటి పోగుది వాడు. సన్నపోగులవి ప్యాచ్ కార్డులకే, అంటే కొసల్లో తగిలించే పొట్టి కేబుళ్లకే. స్విచ్ నుంచి పరికరం దాకా ప్యాచ్ కార్డులతో కలిపి 100 మీటర్లు దాటనివ్వకు. ఎక్కువ వాట్లు మోసే కేబుళ్లని లావు కట్టగా బిగించి కట్టకు, మధ్యలోవి వేడెక్కుతాయి.

కరెంటు వచ్చే పోర్టుకి ల్యాప్‌టాప్ పెడితే కాలిపోతుందేమో అని భయపడ్డావు. ప్రమాణం ప్రకారం చేసిన స్విచ్ ముందు చిన్న వోల్టేజీ పంపి, అవతల 25 కిలో ఓమ్‌ల గుర్తు ఉందా అని చూస్తుంది. అది కనిపిస్తేనే అసలు కరెంటు వదులుతుంది. పాసివ్ అని రాసి ఉన్న 24 వోల్టుల ఇంజెక్టర్లకి, అంటే కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే చిన్న డబ్బాలకి, ఆ మర్యాద లేదు, ఏది తగిలిస్తే దాంట్లోకి తోసేస్తాయి. వాటితో వచ్చిన పరికరానికి తప్ప వాటిని ఇంకెక్కడా వాడకు, పైన పెద్ద అక్షరాలతో చీటీ అంటించు.

ఎక్కువ వాట్లు పోతున్న జాక్‌ని ఉన్నపళంగా లాగితే నిప్పురవ్వ లేచి కాంటాక్టులు దెబ్బతింటాయి. స్విచ్ సెట్టింగుల్లో ఆ పోర్టుకి పవర్ ఆపి అప్పుడు తియ్యి. అదే సెట్టింగుతో మొరాయించిన కెమెరాని నిచ్చెన ఎక్కకుండానే రీస్టార్ట్ చేయొచ్చు. ఇది చేయనిచ్చే మేనేజ్డ్ స్విచ్చే తీసుకో. యూపీఎస్ ఒక్క స్విచ్‌కి పెడితే దానికి తగిలించినవన్నీ కరెంటు పోయినా నడుస్తాయి.

ఆరుబయట ఉన్నవాటికి రెండు కొసలా సర్జ్ ప్రొటెక్టర్, అంటే ఉన్నట్టుండి పెరిగే వోల్టేజీ నుంచి కాపాడేది, వేసి ఎర్త్ ఇప్పించు. ఒక భవనం నుంచి ఇంకో భవనానికైతే రాగి వద్దే వద్దు, ఫైబర్ లాగి అక్కడ వేరే స్విచ్ పెట్టు. కాగితం పూర్తయ్యాక ఫోటో తీసి పంపు, కూడిక నేనూ ఓసారి చూస్తాను.

మీ పెదనాన్న