తోటలో దారి ఎంత స్థలం తింటుంది?

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అమలాపురం దగ్గర కొన్న కొబ్బరి తోటలో లోపలి అంచు వెంట చుట్టూ అయిదడుగుల దారి వేస్తానన్నావు. మంచి ఆలోచన. వానాకాలం మన నల్లమట్టిలో కాయలు మోయడం ఎంత కష్టమో తెలిసిందే. కానీ నువ్వు పంపిన లెక్కలో దారి 1,025 చదరపు అడుగులే వచ్చింది. అది సరికాదు.

తోట 120 అడుగుల పొడవు, 90 అడుగుల వెడల్పు. మొత్తం 10,800 చదరపు అడుగులు, అంటే పాతిక సెంట్లకు కాస్త తక్కువ. నువ్వు పొడవులో అయిదు, వెడల్పులో అయిదు తీసేసి 115ని 85తో గుణించావు. దారి రెండు చివర్లా ఉంటుంది కదా, పది చొప్పున పోవాలి. లోపల మిగిలేది 110 ఇంటూ 80, అంటే 8,800. దారికి పోయేది 2,000 చదరపు అడుగులు. నాలుగున్నర సెంట్ల పైమాటే! నీకు వచ్చిన 1,025 తప్పుడు అంకె కాదు, వేరే దారిది. ఒక పొడుగు వైపు, ఒక అడ్డం వైపు మాత్రమే దారి వేస్తే అంతే వస్తుంది.

అందుకే సూత్రం బట్టీ పట్టొద్దని చెబుతాను. కాగితం మీద బొమ్మ గీసి, ఏ వైపు దారి ఉందో అక్కడే వెడల్పు తీసెయ్యి. పంట బోదె (నీళ్లు పారే చిన్న కాలువ) ఉన్న పొడుగు వైపు దారి మానేస్తే లోపల 110 ఇంటూ 85 మిగులుతుంది, దారి 1,450కి దిగుతుంది. నన్నడిగితే అదే మేలు. బోదె గట్టు మీద ఎలాగూ నడవొచ్చు.

తోట మధ్యలో ప్లస్ గుర్తులా రెండు దారులు వేస్తే 600, 450 కలిపి, అవి కలిసే చోట 25 తీసెయ్యాలి. ఆ ముక్క రెండుసార్లు లెక్కలోకి వచ్చింది మరి.

చేపల చెరువు గట్టుకైతే ఇదే లెక్క బయటి వైపుకి, రెండు పక్కలా వెడల్పు కలపాలి. అక్కడ గట్టు పైవెడల్పు పట్టుకోకు. నేలను ఆక్రమించేది గట్టు అడుగు వెడల్పే.

ఇదంతా తోట మూలమట్టంగా, అంటే నాలుగు మూలలూ లంబకోణంగా ఉంటేనే. ఎదురెదురు మూలలకు టేపు లాగి చూడు, రెండు వైపులా సరిగ్గా 150 అడుగులు రావాలి. తేడా గట్టిగా ఉంటే పని ఆపి నాకు ఫోన్ చెయ్యి, త్రిభుజాలుగా విడగొట్టి కొలుద్దాం.

చుట్టూ దారే వేస్తానంటే, గ్రావెల్ అరడుగు మందం అనుకుంటే 2,000 చదరపు అడుగులకు వెయ్యి ఘనపుటడుగులు, అంటే వంద ఘనపుటడుగుల యూనిట్లు పది. తొక్కిస్తే అణుగుతుంది కాబట్టి రెండు యూనిట్లు ఎక్కువే చెప్పు. బేరం మాత్రం లారీ లెక్కన కాకుండా యూనిట్ లెక్కన ఆడు.

మీ మామయ్య