మెథాంఫెటమిన్ ఎలా పుట్టింది? పళ్లను ఎందుకు పాడుచేస్తుంది?

మెథాంఫెటమిన్ మొదటి నుంచీ నిషిద్ధ పదార్థమేనా, దానికి అలవాటుపడినవారి పళ్లు ఎందుకు పుచ్చిపోతాయి అని మీరు అడిగారు. కాలిఫోర్నియాలోని ఒక చిన్న క్లినిక్‌లో ఎనిమిదేళ్లు దంతవైద్యుడిగా పనిచేశాను కనుక, రెండో ప్రశ్నకు కళ్లారా చూసిందే రాస్తున్నాను.

మొదట అది మందే. జపాన్ శాస్త్రవేత్త నగాయి నగయోషి 1893లో దీనిని ఎఫిడ్రిన్ అనే మొక్కల రసాయనం నుంచి తయారుచేయగా, 1919లో అకిరా ఒగాటా స్ఫటిక రూపంలో సాధించారు. 1938లో బెర్లిన్‌కు చెందిన టెమ్లర్ సంస్థ దీనిని ‘పెర్విటిన్’ మాత్రలుగా అమ్మింది. నిద్రను, అలసటను ఆపుతుందన్న ఒక్క గుణం కోసం 1940 ఏప్రిల్, జూలై నెలల మధ్య జర్మన్ సైన్యానికి, వైమానిక దళానికి ఇలాంటి మాత్రలు మూడున్నర కోట్లకు పైగా అందాయి. జపాన్‌లో ‘హిరోపోన్’ పేరుతో చలామణీ అయిన ఇదే మందు యుద్ధం ముగిశాక ఎంతోమందికి వ్యసనంగా మారడంతో, అక్కడి ప్రభుత్వం 1951లో చట్టం చేసి కట్టడి చేసింది. మన దేశంలో ఇది 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది.

ఇది మెదడులో హాయి భావనతో ముడిపడిన డోపమిన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా వెల్లువెత్తిస్తుంది. కొకైన్ మోతాదులో సగం సుమారు గంటలోనే శరీరం నుంచి తొలగిపోతే, దీనికి పది, పన్నెండు గంటలు పడుతుంది. అందుకే మనిషి రోజుల తరబడి తిండీ నిద్రా లేకుండా ఉండగలడు, ఆపైన లేనిపోని అనుమానాలు, చర్మం కింద పురుగులు పాకుతున్నాయన్న భ్రమ మొదలవుతాయి.

ఇక పళ్ల సంగతి. ఆ పదార్థంలోని ఆమ్లమే పళ్లను తినేస్తుందని చాలామంది నమ్ముతారు గానీ, నోరు ఎండిపోవడం, ఆ దాహానికి రోజంతా తీపి సోడాలు తాగడం, పళ్లు కొరకడం, తోముకోవడం మరిచిపోవడం అనే నాలుగూ కలిసి చేసే పని అది. పుచ్చు చిగుళ్ల అంచున, ముందు పళ్ల సందుల్లో మొదలవుతుంది.

పండ్ల ప్యాకింగ్ షెడ్డులో రాత్రి పని చేసే ఒక యువకుడు, రెండు షిఫ్టులు వరుసగా చేయడానికే దీనిని మొదలుపెట్టానని నాతో చెప్పాడు. ఆఖరిసారి ఎప్పుడు తీసుకున్నావని అడిగితే, నిన్న రాత్రి అన్నాడు. పళ్లకు వేసే మత్తు సూదిలో తరచూ గుండె వేగాన్ని పెంచే అడ్రినలిన్ కలిసి ఉంటుంది. మెథాంఫెటమిన్ ఒంట్లో ఉండగా అది పడితే గుండెకు ముప్పు కనుక, కనీసం 24 గంటలు ఆగాలని చెప్పి పంపేశాను. (కొత్తలో ఆ ప్రశ్నను నేను పోలీసులా అడిగేవాణ్ణి, అప్పట్లో ఎవరూ నిజం చెప్పలేదు.) వారం తరువాత అతను తిరిగివచ్చి, నేను సూది సిద్ధం చేసేలోపే కుర్చీలో గాఢనిద్రలోకి జారిపోయాడు. తరువాతి రోగి వచ్చేదాకా లేపలేదు.