గిటార్ సందేహాలు: కల్యాణికి జాజ్ కార్డ్‌లు

ప్రశ్న: డి శ్రుతిలో గిటార్ మీద కల్యాణి వాయిస్తుంటే, కీబోర్డ్ అతను టూ-ఫైవ్-వన్ (జాజ్‌లో తరచూ వచ్చే మూడు కార్డ్‌ల వరస) అందుకోగానే రాగం చెడిపోతోంది. లోపం ఎక్కడ?

జవాబు: కార్డ్‌లలోనే, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుత్తుల్లోనే. షడ్జమం డి (D) అయితే కల్యాణిలోని ప్రతిమధ్యమం జి షార్ప్. టూ-ఫైవ్‌గా వచ్చే ఈ (E) మైనర్ సెవెన్, ఏ (A) సెవెన్ రెండింటిలోనూ ఉన్నది మామూలు జి, అంటే శుద్ధమధ్యమం. మీరొక మధ్యమం, ఆయనొక మధ్యమం వాయిస్తుంటే మధ్యలో శంకరాభరణం దూరుతుంది. బేస్‌ను (అన్నిటికన్నా కింది స్వరాన్ని) డి మీదే నిలపమనండి. దాని పైన డి మేజర్, ఈ (E) మేజర్ మాత్రమే మారుతుండాలి. ఈ మేజర్‌లోని మూడు స్వరాలూ (రిషభం, ప్రతిమధ్యమం, ధైవతం) రాగంలోవే. జాజ్ రంగు కావాలంటే డి మేజర్ సెవెన్ చాలు, అందులోని సి షార్ప్ కాకలి నిషాదమే. మీ ఆరో తీగను ఈ (E) నుంచి డికి దించితే కింది మూడు తీగలు స-ప-స అని మోగుతాయి.

కార్డ్‌లు సరిచేసినా, స్వరాలు వరసగా మెట్లెక్కినట్టు వాయిస్తే వినపడేది ఇవే స్వరాలున్న పాశ్చాత్య లిడియన్ స్కేలే. రెండో తీగ మీద మధ్యమాన్ని 9వ ఫ్రెట్‌లో నొక్కి వదిలేయకండి. 7వ ఫ్రెట్‌లో గాంధారం మీటి తీగను లాగుతూ మధ్యమం దాకా వెళ్ళండి, లేదా 10లోని పంచమం నుంచి జారండి. స, ప వదిలేసి 'నిరిగమధని' అని ఎక్కితే రాగం వెంటనే పోలిక పడుతుంది.

ప్రశ్న: భారతీయ సంగీతాన్ని, జాజ్‌ను కలిపిన 'శక్తి' బృందంలో జాజ్ గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్ వాయించిన గిటార్‌లా ఫ్రెట్‌ల మధ్య చెక్క తవ్విస్తే గమకాలు తేలికవుతాయా?

జవాబు: అవుతాయి. వేలు చెక్కను రాసుకోదు కాబట్టి తీగ సులువుగా జరుగుతుంది. చిక్కూ అక్కడే: కాస్త గట్టిగా నొక్కితే చాలు, శ్రుతి పెరుగుతుంది. కార్డ్ పట్టినప్పుడు ఒక్కో వేలి ఒత్తిడి ఒక్కోలా ఉంటుంది కనుక మొత్తం అపశ్రుతి. తవ్విన చెక్క తిరిగి రాదు. ముందు 9 నంబరు (సన్నని) తీగల సెట్ వేసి చూడండి; నంబరు పెరిగేకొద్దీ తీగ లావు. ఆరో తీగ మాత్రం 46 తీసుకోండి, 42 అయితే డికి దించగానే సడలి ఫ్రెట్‌లకు కొట్టుకుంటుంది. తీగలు మారాక నెక్ వంపు, ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్‌లోనూ శ్రుతి సరిగా పలకడం) మళ్ళీ సరిచూడాలి. అప్పటికీ కావాలనిపిస్తే 12వ ఫ్రెట్ నుంచి గిటార్ బాడీ వైపు భాగం మాత్రమే తవ్వించండి. మెక్‌లాఫ్లిన్ గిటార్‌కు అడ్డంగా ఏడు అనునాద తీగలు (ప్రధాన తీగలకు తోడుగా మోగేవి) కూడా ఉండేవి. వాటి జోలికి ఇప్పుడే వెళ్ళకండి, శ్రుతి చేయడంతోనే సాధన సమయం అయిపోతుంది!

ప్రశ్న: ఆది తాళంలో కుదిరిన ముక్తాయింపు (ఒకే పదాన్ని మూడుసార్లు వాయించి ముగించడం) ఏడు బీట్ల పాటలో తప్పుతోంది.

జవాబు: విరామం తగ్గించండి. ఆదిలో బీట్‌కు నాలుగు చొప్పున 32 మాత్రలు. 'తకధిమి తకజణు' లాంటి 8 మాత్రల పదం మూడుసార్లకు 24, మధ్యలో రెండు విరామాలు నాలుగేసి. ఏడు బీట్లకు ఉన్నవి 28 మాత్రలే, కాబట్టి పదం అదే ఉంచి విరామాలు రెండేసి చేయండి. తర్వాతి స్వరం సరిగ్గా సమం (తాళం మొదటి దెబ్బ) మీద పడుతుంది. డ్రమ్మర్ మాత్రం మీ పదం వెంట రాకుండా ఏడు మీదే నిలబడాలి. ఇద్దరూ ఒకే పదం వాయిస్తే సమం ఎక్కడుందో వినేవాళ్ళకు తెలియదు.