ఓటీటీలో డాక్యుమెంటరీలు, పాడ్‌కాస్టులు: ఇంటిల్లిపాదికీ అందేవి ఏవి?

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. సినిమాల కోసం తీసుకున్న ఓటీటీ చందాలో డాక్యుమెంటరీలు కుప్పలుగా కనిపిస్తున్నాయని, వాటిలో ఏవి చూడదగినవో తెలియడం లేదని మొదట అడిగారు. ఇంగ్లీషు రాని మీ అమ్మగారు, తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అబ్బాయి కలిసి కూర్చుని చూడగలిగేవి, వినగలిగేవి ఏమైనా ఉన్నాయా అని ఆ తరువాత అడిగారు. మొదటిదానికి పేర్ల జాబితా ఎవరైనా ఇవ్వగలరు. నేను రెండోదానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే నాలుగేళ్ళుగా మా ఇంట్లో మేము ఏం చూడాలో, ఏం వినాలో నిర్ణయిస్తున్నది అదే ప్రశ్న.

మా నాన్నగారు రైల్వేలో గూడ్సు గార్డుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. నీటికాసుల వల్ల ఆయన చూపు క్రమంగా తగ్గిపోయింది. ఇప్పుడు టీవీ తెర మీద ఆకారాలు, రంగులు పోల్చుకోగలరు గాని అక్షరాలు చదవలేరు. సబ్‌టైటిళ్ళు ఉన్నాయి కదా అని మనం తేలికగా అంటాం. చూపు మందగించినవారికి, చదువు అంతగా లేనివారికి, వంటింట్లో పని చేసుకుంటూ ఒక చెవి హాలు వైపు వేసి ఉంచే ఇల్లాలికి ఆ అక్షరాలు ఉన్నా లేనట్టే. కథాచిత్రమైతే మాట అర్థం కాకపోయినా ఏడుపు, నవ్వు, పోట్లాట చూసి కథను ఊహించుకోవచ్చు. డాక్యుమెంటరీలో చాలా భాగం సమాచారం వ్యాఖ్యానంలోనే ఉంటుంది కాబట్టి అక్కడ ఆ వెసులుబాటు లేదు. అందుకే ఒక డాక్యుమెంటరీని ఎంచుకునేటప్పుడు నేను దాని విషయం కంటే ముందు, అందులోని మాటలు ఏ భాషలో, ఎవరి గొంతులో వినిపిస్తాయో చూస్తాను.

ఈ సంగతి నాకు బోధపడింది ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ చూసిన రోజున. 2023 మార్చిలో ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ ఇచ్చిన వేదిక మీదనే దీనికి కూడా లఘు డాక్యుమెంటరీ విభాగంలో ఆస్కార్ దక్కింది. మన పాట సందడిలో పడి మనం దీన్ని అంతగా పట్టించుకోలేదని నాకు అనిపిస్తుంది. నీలగిరుల దిగువన ముదుమలై అడవిలో, తెప్పకాడు ఏనుగుల శిబిరంలో, తల్లికి దూరమైన రఘు అనే గున్న ఏనుగును సాకిన బొమ్మన్, బెల్లి దంపతుల జీవితాన్ని దర్శకురాలు కార్తికి గోన్సాల్వెస్ ఏళ్ళ తరబడి వెంట ఉండి చిత్రీకరించి, నలభై నిమిషాల్లోకి కుదించారు. ఇందులో వేరే వ్యాఖ్యాత లేడు, ఆ ఇద్దరే తమ సంగతి తాము తమిళంలో చెప్పుకుంటారు. నాన్నగారు ఉద్యోగరీత్యా రేణిగుంట, అరక్కోణం మధ్య చాలా ఏళ్ళు తిరిగినవారు కాబట్టి ఆయనకు తమిళం బాగా వచ్చు. పెద్దవాడైన రఘును అటవీ శాఖవారు వేరే మావటికి అప్పగించే ఘట్టం వచ్చినప్పుడు, తెర మీది అక్షరాలు చదువుకుంటున్న నాకంటే ముందే ఆయన కళ్ళు తుడుచుకున్నారు. చూపున్న నేను ఆ రోజు ఆయన వెనకనే ఉన్నాను. మీ అమ్మగారికి తమిళం కొంచెం పరిచయం ఉన్నా దీనితోనే మొదలుపెట్టమని నా సలహా. నిడివి తక్కువ కావడం వల్ల మొదటిసారి చూసేవారికి విసుగు కూడా రాదు.

తరువాత చూసిన ‘మై ఆక్టోపస్ టీచర్’ పూర్తిగా ఇంగ్లీషు. దక్షిణాఫ్రికాలో కేప్ టౌన్ దగ్గరి చల్లని సముద్రంలో, పొడవాటి నాచు మొక్కల అడవిలో, క్రెగ్ ఫాస్టర్ అనే ఆయన ఊపిరి బిగబట్టి రోజూ మునుగుతూ, ఒకే ఆక్టోపస్‌ను ఏడాది పాటు గమనించిన వృత్తాంతం అది. 2021లో దానికి ఆస్కార్ వచ్చింది. దాన్ని నాన్నగారికి ఎలా వినిపించాలో తోచక నేను వెనకాడుతుంటే, అప్పుడు ఏడో తరగతిలో ఉన్న మా అమ్మాయి రిమోటు తీసుకుని, నాలుగు మాటలకు ఒకసారి ఆపుతూ, వాటిని తన మాటల్లో తెలుగులో చెప్పడం మొదలుపెట్టింది. చుట్టూ తిరుగుతున్న సొరచేపకు దొరకకుండా ఆ ఆక్టోపస్ గవ్వలను, రాళ్ళను ఏరి వంటి నిండా కప్పుకుని బంతిలా ముడుచుకునే దృశ్యం ఉంటుంది. దాన్ని ఆ పిల్ల చేతులతో అభినయిస్తూ వర్ణించింది. గంటన్నర కూడా లేని చిత్రానికి మాకు దాదాపు మూడు గంటలు పట్టింది. దానివల్ల అమ్మాయికి కలిగిన మేలు నేను ముందుగా ఊహించలేదు. ఒక వాక్యాన్ని తాతగారికి తెలుగులో చెప్పాలంటే ముందు అది తనకు అర్థం కావాలి, కాబట్టి అర్థం కానిచోట ఆపి వెతికేది. మీ అబ్బాయికి ఈ పని అప్పగించి చూడండి.

ప్రతిసారీ అలా చదివి చెప్పడం కుదరదు. అందువల్ల తెలుగు వ్యాఖ్యానం ఉన్నవాటిని వెతికి పెట్టుకోవాలి. కర్ణాటక అడవుల మీద తీసిన ‘వైల్డ్ కర్ణాటక’కు ఇంగ్లీషులో డేవిడ్ అటెన్‌బరో వ్యాఖ్యానం చెబితే, తెలుగులో ప్రకాశ్ రాజ్ చెప్పారు. నాన్నగారికి తెలిసిన గొంతు కావడం వల్ల ఆయన చివరిదాకా కదలలేదు. డిస్కవరీ వారి కార్యక్రమాలు చాలావాటికి తెలుగు ధ్వని ఉంటుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. వివరాల పేజీలో తెలుగు అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మవద్దు. ఒక యాప్‌లో అలా చూసి ఏడాది చందా కట్టిన తరువాత, నాలుగు భాగాల ధారావాహికలో మొదటి భాగానికి మాత్రమే తెలుగు ఉందని, తక్కినవి హిందీలో వస్తాయని తెలిసి, తెలుగులోనే వినాలనుకున్న మా ఇంట్లో అందరూ నిరుత్సాహపడ్డారు. ముందు ఒక నెలకు తీసుకుని, రెండో భాగాన్ని, చివరి భాగాన్ని కొద్దిగా పెట్టి విన్న తరువాతనే పెద్ద చందా కట్టండి.

నేరాల మీద తీసిన డాక్యుమెంటరీలు ఓటీటీల్లో ఎక్కువగా ముందుకు వస్తాయి. వాటిని రెండు మూడు చూసి మానేశాను. చనిపోయినవారి అమ్మానాన్నలు ఇంకా బతికి ఉండగా వాళ్ళ దుఃఖానికి ఉత్కంఠ సంగీతం జోడించి, తరువాతి భాగం దాకా మనల్ని వేలాడదీయడం నాకు సమ్మతం కాలేదు. పిల్లలతో కలిసి చూడదగినవి అసలే కావు.

పిల్లలతో చూసేటప్పుడు మరొక విషయం కూడా చెప్పాలి. డాక్యుమెంటరీ అన్న పేరు ఉన్నంత మాత్రాన చూపించినదంతా జరిగినది జరిగినట్టు కాదు. 1958లో వచ్చిన ‘వైట్ వైల్డర్‌నెస్’ అనే చిత్రంలో లెమ్మింగులనే చిట్టెలుకల వంటి జంతువులు గుంపులుగా నీళ్ళలోకి దూకి చనిపోతున్నట్టు చూపించారు. దానికి ఆస్కార్ కూడా వచ్చింది. వాటిని వేరే చోటి నుంచి తెచ్చి ఆ దృశ్యాన్ని కల్పించారని 1982లో కెనడా ప్రసార సంస్థ బయటపెట్టింది. ఇప్పటి మంచి ప్రకృతి చిత్రాల్లో కూడా దూరం నుంచి తీసిన జంతువుల అడుగుల చప్పుడు, నమిలే చప్పుడు వంటివాటిని చాలావరకు తరువాత స్టూడియోలో చేర్చుతారు. ఇది మోసమని నేను అనను, కాని చూసేవారికి తెలిసి ఉండాలి. బీబీసీవారి ‘ప్లానెట్ ఎర్త్’లో ప్రతి భాగం చివర ఆ దృశ్యాలను ఎలా తీశారో చెప్పే పది నిమిషాల అనుబంధం ఉంటుంది. మా అమ్మాయికి అసలు కార్యక్రమం కంటే అదే ఎక్కువ ఇష్టం. కెమెరా అక్కడికి ఎలా వెళ్ళింది, ఎన్ని రోజులు కాచుకుని కూర్చున్నారు అన్న ప్రశ్నలు ఇప్పుడు దేన్ని చూసినా తనే అడుగుతుంది.

చందా కట్టకుండా దొరికేవాటిని మనవాళ్ళు అసలు తలచుకోరు. ఒకప్పుడు సినిమా హాల్లో అసలు బొమ్మకు ముందు వేసే న్యూస్ రీళ్ళు మీ అమ్మగారికి గుర్తుండే ఉంటాయి. వాటిని తీసిన ఫిల్మ్స్ డివిజన్ 1948లో ఏర్పడింది. ఆ సంస్థ చిత్రాలు అనేకం యూట్యూబులో ఉచితంగా ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరం పుట్టి ఇరవయ్యేళ్ళు నిండిన యువతీ యువకులను పలకరిస్తూ ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి 1967లో తీసిన ‘ఐ యామ్ 20’ వాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది. తొమ్మిదో తరగతి సాంఘిక శాస్త్రం చదివే పిల్లలకు అది పాఠం వంటిది. పాత్రికేయుడు పి. సాయినాథ్ 2014లో ప్రారంభించిన పరి అనే గ్రామీణ భారత భాండాగారం వెబ్‌సైటులో చేతివృత్తులవారి మీద, రైతుల మీద చిన్న చిన్న చిత్రాలున్నాయి, వ్యాసాల్లో అనేకం తెలుగు అనువాదంలో కూడా చదువుకోవచ్చు. మన జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా రైతులు తామే కెమెరాలు పట్టి, వరంగల్లు రైతులు బీటీ పత్తి మీద ఎందుకు ఆగ్రహించారో చిత్రంగా తీశారు. పొలంలో పనిచేసే మనిషి తోటి రైతును ప్రశ్నలు అడిగితే వచ్చే జవాబులు వేరుగా ఉంటాయి. ఆ వ్యత్యాసాన్ని ఆ చిత్రం చూస్తే గ్రహించవచ్చు. వాళ్ళది మన తెలుగే, అందులోనూ మెతుకుసీమ మాట.

ఇక పాడ్‌కాస్టుల విషయానికి వస్తే, అంటే ఫోనులో మనకు వీలైనప్పుడు పెట్టుకుని వినే మాటల కార్యక్రమాల విషయానికి వస్తే, చూపు తగ్గినవారికి ఇంతకంటే గొప్ప సౌకర్యం మరొకటి లేదని నేను గట్టిగా నమ్ముతాను. నాన్నగారు రేడియో మనిషి. విజయవాడ కేంద్రం ప్రసారాలు ఆయన జీవితంలో గడియారంలా ఉండేవి. రేడియో తన వేళకు తాను వచ్చి వెళ్ళిపోతుంది. పాడ్‌కాస్టు మన వేళ దాకా ఆగుతుంది, మందు వేసుకోవడానికి లేచినా తిరిగి వచ్చేసరికి వదిలిన మాట దగ్గరే ఉంటుంది. అమెరికాలో ఉంటూ కౌముది అంతర్జాల మాసపత్రిక నడిపే కిరణ్ ప్రభ గారి టాక్ షోలను నాన్నగారు మొదట విన్నారు. ఒక వ్యక్తి జీవితాన్ని గాని, ఒక చారిత్రక ఘట్టాన్ని గాని తీసుకుని, అవసరమైతే అనేక భాగాలుగా, తొందర లేకుండా, ఆధారాలు చెబుతూ సాగే ఆ పద్ధతి పాత రేడియో ప్రసంగాలకు అలవాటుపడిన చెవికి ఎంతో హాయిగా ఉంటుంది. సాహిత్యం మీద ఆసక్తి ఉంటే ‘హర్షణీయం’లో తెలుగు కథల పఠనం, రచయితలతో సంభాషణలు దొరుకుతాయి. ఇంగ్లీషు వినగలిగిన మీకోసమైతే బీబీసీలో 1998 నుంచి నడుస్తున్న ‘ఇన్ అవర్ టైమ్’ను చెబుతాను. ఒక్క విషయం మీద ముగ్గురు విద్వాంసులను కూర్చోబెట్టి, ముప్పావు గంటసేపు పక్కదారి పట్టకుండా మాట్లాడిస్తారు.

ఒక చిన్న ఏర్పాటు చేయండి. పెద్దవారి ఫోనులో పాడ్‌కాస్టుల యాప్ ఒక్కటే మొదటి తెర మీద ఉంచి, వారు మెచ్చిన కార్యక్రమాలకు సభ్యత్వం పెట్టి, వైఫై ఉన్నప్పుడు కొత్త భాగాలు వాటంతట అవే దిగుమతి అయ్యేలా చేయండి. నాన్నగారు ఇప్పుడు ఎవరినీ పిలవకుండానే తనకు కావలసినది తానే పెట్టుకుంటారు.

ప్రస్తుతం మేము రాజ్యసభ టీవీ కోసం శ్యామ్ బెనెగళ్ 2014లో తీసిన ‘సంవిధాన్’ చూస్తున్నాము. రాజ్యాంగ సభ చర్చల ఆధారంగా నటులతో తీసిన పది భాగాల ధారావాహిక ఇది, యూట్యూబులో ఉచితంగా ఉంది. చాలావరకు హిందీ, నాన్నగారికి హిందీ కూడా వచ్చు కాబట్టి ఆయనకు నా సహాయం అక్కరలేదు. ఆ చర్చల అసలు పాఠం పార్లమెంటు వెబ్‌సైటులో దొరుకుతుంది. సభలోని పదిహేనుమంది మహిళల్లో మన రాజమండ్రి దుర్గాబాయమ్మ ఒకరు కదా, ఆమె ఏం మాట్లాడారో తనకు వినిపించమని నాన్నగారు అడిగారు. ఆదివారం సాయంత్రాలు ఒక భాగం చూసిన తరువాత, మా అమ్మాయి ఆ ప్రసంగాల కాగితాలు తీసుకుని ఆయన పక్కన కూర్చుని, వాక్యం వాక్యం తెలుగు చేసి వినిపిస్తోంది.