జ్వాలాపురం బూడిద

ప్రశ్న: అయ్యా, బనగానపల్లె దగ్గరి జ్వాలాపురానికి మా బడి పిల్లలను తీసుకువెళ్లి, అక్కడి అగ్నిపర్వత బూడిదను చూపించాను. అగ్నిపర్వతాల చెంత బతికేవాళ్లు ఏ జాగ్రత్తలు తీసుకుంటారని వాళ్లు అడుగుతున్నారు. వివరించగలరు.
– ఒక ఉపాధ్యాయురాలు, కర్నూలు

జవాబు: అమ్మా, ముందుగా పిల్లల భయం తీర్చండి. మన సీమలో రగిలే అగ్నిపర్వతమేదీ లేదు. మీరు చూసిన బూడిద సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు సముద్రం దాటి వచ్చి పడినది.

కొలంబియాలో 1985 నవంబరు 13 రాత్రి నెవాడో డెల్ రూయిజ్ అగ్నిపర్వతం పేలి, శిఖరం మీది మంచు కరిగి, బురద వరదగా లోయల వెంట దిగి, రెండున్నర గంటల తరువాత ఆర్మెరో పట్టణాన్ని ముంచేసింది. మొత్తం మీద దాదాపు 23,000 మంది చనిపోయారు. ముప్పున్న చోట్లను గుర్తించిన పటం అంతకు నెల ముందే సిద్ధమైంది. నడిచి చేరగల మెరక కూడా దగ్గరలోనే ఉంది. అయినా ఆ సాయంత్రం బూడిద రాలుతుంటే, ఇళ్లలోనే ఉండమన్న మాటను జనం నమ్మారు. పటం ఉండి కూడా ఊరికి తెలియకపోవడమే నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

ఫిలిప్పీన్స్‌లో 1991లో పినటూబో అగ్నిపర్వతం మేల్కొన్నప్పుడు, శాస్త్రవేత్తలు ముప్పును ఒకటి నుంచి ఐదు స్థాయిలుగా విడమరచి చెప్పడమే కాక, బురద వరద, నిప్పులాంటి బూడిద మేఘం ఎలా ఉంటాయో ఫ్రెంచి అగ్నిపర్వత శాస్త్రవేత్త మారిస్ క్రాఫ్ట్ తీసిన వీడియో ద్వారా అధికారులకూ ప్రజలకూ కళ్లకు కట్టించారు. జూన్ 15 నాటి మహా విస్ఫోటనానికి ముందే వేలాది మంది ఊళ్లు విడిచారు. కనీసం 5,000 ప్రాణాలు దక్కాయని అంచనా. చనిపోయిన వందల మందిలో ఎక్కువ మంది, అదే రోజు వచ్చిన తుపాను వానకు తడిసిన బూడిద బరువుతో కప్పులు కూలి ప్రాణాలు విడిచినవారే. ముసురు పట్టినప్పుడు మట్టి మిద్దె మీది చౌడు నీరు పీల్చి, దూలాలు వంగడం చూసిన మన పిల్లలకు ఇది వేరే చెప్పనక్కర లేదు.

ఆ బూడిద పొయ్యిలోని బూడిద వంటిది కాదు, సన్నని గాజు పొడి. అందుకే అక్కడివాళ్లు ముక్కుకూ కళ్లకూ రక్షణ పెట్టుకుంటారు, తాగే నీళ్లకు మూత వేస్తారు. మనకు అగ్నిపర్వతం లేకపోయినా వరద ముప్పు ఉంది కనుక, మీ పిల్లలకు ఒక పని ఇవ్వండి: 2009 అక్టోబరు కర్నూలు వరదలో ఇంటి పెద్దలు ఏ మేడ ఎక్కారో, ఏ దారిన వెళ్లారో అడిగి, పటం గీసి, ఇంటి గోడకు అంటించమనండి.