ఎత్తెక్కని టిప్పరు, పళ్ల పట్టా మీది రైలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్లాస్టిక్ ఇటుకలతో నడిచే బండ్లు కట్టడం గురించి చెన్నై పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను. చాలా ఉత్తరాల్లో ఒకే ఇబ్బంది కనిపించింది. బండి బయటి రూపం ముందు తయారవుతోంది, మోటారును, గేర్లను ఆ తర్వాత మిగిలిన ఖాళీలో ఇరికిస్తున్నారు. అల్మారాలో పెట్టుకునే బొమ్మకు ఆ పద్ధతి సరిపోతుంది. నడవాల్సిన బండికి మాత్రం చక్రం, గేరు, వాటిని పట్టి ఉంచే చట్రం ముందు కుదరాలి, క్యాబిన్, బాడీ ఆ తర్వాత రావాలి.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. లెగో టెక్నిక్ ముక్కలతో, పెద్ద మోటారు పెట్టి, ఒక టిప్పర్ లారీ కట్టింది. గచ్చు మీద బాగానే పోతోంది గానీ, కింద పుస్తకాలు పేర్చి వాలుగా ఉంచిన చెక్క ఎక్కించగానే టకటకమని శబ్దం వచ్చి చక్రాలు ఆగిపోతున్నాయి. మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. నేను లేత్ మీద పని చేసేవాణ్ని, గేర్లు నాకు కొత్త కాదు. అయినా అంతు చిక్కలేదు. ఇంకా పెద్ద మోటారు కొనాలా? (ఒక తండ్రి, అంబత్తూరు)

జవాబు: కొనవద్దు. మోటారుకు బలం చాలకపోతే అది మూలుగుతూ ఆగిపోతుంది. తిరుగుతూనే టకటకమంటోందంటే, ఎక్కడో ఒక జత గేర్ల పళ్లు ఒకదాని మీదుగా ఒకటి దాటిపోతున్నాయన్నమాట. అంటే బలం ఉంది, అది చక్రం దాకా చేరడం లేదు.

మీకు తెలిసిన లెక్కతోనే మొదలుపెడదాం. ఈ గేర్లన్నీ మాడ్యూల్ 1 గేర్లు, కాబట్టి ఎన్ని పళ్లుంటే పిచ్ వ్యాసం (పళ్లు కలిసే చోట కొలిచే వ్యాసం) అన్ని మిల్లీమీటర్లు. బీమ్‌లో (రంధ్రాలున్న పొడవాటి కడ్డీలో) పక్కపక్కనున్న రెండు రంధ్రాల కేంద్రాల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. 8 పళ్ల గేరును 24 పళ్ల గేరుతో జత చేస్తే కేంద్రాల మధ్య దూరం 4, 12 కలిపి 16 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా రెండు రంధ్రాల దూరం. 12తో 20, 16తో 16 కూడా అంతే. 8తో 40, 12తో 36, 20తో 28, 24తో 24 జతలకు 24 మిల్లీమీటర్లు, అంటే మూడు రంధ్రాలు కావాలి. 16ను 24తో కలపాలంటే 20 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర రంధ్రాలు కావాలి. తిన్నని బీమ్ మీద ఆ దూరం దొరకదు. అక్కడ ఎలాగోలా సర్దితే పళ్లు అంచులతోనే పట్టుకుంటాయి, బరువు పడగానే జారిపోతాయి. మీ అమ్మాయి బుడిపెలున్న పాత తరహా ఇటుకలను నిలువుగా పేర్చి ఉంటే ఇంకో సంగతి చూడాలి. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, ప్లేట్ (పలుచని ఇటుక) ఎత్తు 3.2. అందువల్ల ఒక రంధ్రాల ఇటుక మీద నేరుగా ఇంకొకటి పెడితే కొలత కుదరదు. మధ్యలో రెండు ప్లేట్లు వేస్తే 9.6, 6.4 కలిసి సరిగ్గా 16 అవుతుంది.

కొలతలు సరిగ్గానే ఉన్నాయనుకుందాం. అప్పుడు తప్పు చట్రంలో ఉన్నట్టు. తిరిగే రెండు గేర్ల పళ్లు ఒకదాన్నొకటి ముందుకు నెట్టడంతో పాటు పక్కకు కూడా నెట్టుకుంటాయి, బరువు పెరిగేకొద్దీ ఆ తోపుడూ పెరుగుతుంది. ఒక పని చేయండి. వెనక చక్రాన్ని చేత్తో గట్టిగా పట్టుకుని, మోటారును ఒక్క క్షణం నడిపి, గేర్లు కలిసే చోటును పక్క నుంచి చూడండి. యాక్సిల్ (ఇరుసు) విల్లులా వంగి, పళ్ల మధ్య సన్నని సందు కనిపించి, శబ్దం రాగానే మళ్లీ మూసుకుంటుంది. చాలా సార్లు దీనికి కారణం, గేరుకు ఒక వైపే బీమ్ ఉండి, రెండో వైపు యాక్సిల్ ఆధారం లేకుండా వేలాడుతుండటమే. గేరుకు రెండు వైపులా, వీలైనంత దగ్గరగా, బీమ్‌లు ఉండేలా చూడండి. ఆ రెండు బీమ్‌లు ఒకదాని నుంచి ఒకటి దూరం జరగకుండా అడ్డంగా మరో ముక్కతో బిగించండి. ఒక్కో చోట ఒక్క పిన్ను పెడితే అది కీలులా తిరుగుతుంది కాబట్టి రెండేసి పిన్నులు వాడండి. 5×7, 5×11 కొలతల్లో దొరికే నలుచదరపు ఫ్రేములు సరిగ్గా ఈ పనికి పుట్టినవి, గేరు జతను అలాంటి ఫ్రేము లోపలే కూర్చోబెడితే సగం సమస్య పోతుంది.

ఇక మిగిలిన సగం గేర్ల తగ్గింపులో, అంటే వేగం తగ్గించి బలం పెంచడంలో, ఉంది. లారీ బరువు కిలోన్నర అనుకుందాం. అయిదు అడుగులకు ఒక అడుగు చొప్పున లేచే వాలు మీద దాన్ని వెనక్కి లాగే బలం ఆ బరువులో సుమారు అయిదో వంతు, అంటే 300 గ్రాముల పాటి. చక్రం వ్యాసం 62 మిల్లీమీటర్లయితే ఆ 300 గ్రాములు కేంద్రానికి 3.1 సెంటీమీటర్ల దూరాన వేలాడుతున్నట్టే కనుక, యాక్సిల్ మీద పడే మెలిక (తిప్పే బలం) 930 గ్రాము-సెంటీమీటర్లు, రాపిడి దానికి అదనం. మోటారును నేరుగా చక్రానికి కలిపితే అదంతా మోటారే మోయాలి. మధ్యలో 8, 24 పళ్ల జత ఒకటి పెడితే మోటారు వంతు 310కి తగ్గుతుంది, అలాంటి జతలు రెండు పెడితే 103కు తగ్గుతుంది. తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు డ్రైవరు తక్కువ గేరు వేసేది ఇందుకే.

వేగం తగ్గిపోతుందని మీ అమ్మాయి బాధపడవచ్చు. లెగో పెద్ద మోటారు (ఎల్ మోటారు) బరువు లేనప్పుడు నిమిషానికి సుమారు 390 చుట్లు తిరుగుతుంది. తొమ్మిదింట ఒక వంతుకు తగ్గిస్తే 43 చుట్లు, అంటే లారీ సెకనుకు 14 సెంటీమీటర్లు పోతుంది. అసలు టిప్పర్ టైరు వ్యాసం మీటరు పైచిలుకు ఉంటుంది కాబట్టి ఈ నమూనా దానిలో సుమారు పదహారో వంతు. ఆ లెక్కన మన లారీ నడక అసలు లారీ గంటకు 8 కిలోమీటర్లతో పోవడానికి సమానం. మట్టి లోడుతో ఎత్తెక్కే టిప్పరు అంతకంటే జోరుగా పోదు. ఆ నెమ్మదిలోనే బండికి బరువున్న తీరు కనిపిస్తుందని నా గట్టి నమ్మకం.

చివరిగా, ఆ తగ్గింపులో ఎక్కువ భాగం చక్రానికి దగ్గరగా ఉండేలా చూడండి. తగ్గించిన తర్వాత మెలిక పెరుగుతుంది కనుక, మోటారు పక్కనే తగ్గించి పొడవాటి యాక్సిల్ మీదుగా, వంపులోనూ తిరిగే యూనివర్సల్ జాయింట్ మీదుగా వెనక్కి పంపితే ఆ ప్లాస్టిక్ అంతా మెలి తిరుగుతుంది. గనుల్లో తిరిగే భారీ టిప్పర్లలో చివరి తగ్గింపును చక్రం హబ్ లోపలే పెట్టడానికీ కారణం ఇదే. తొట్టి ఎత్తే భాగానికి మాత్రం స్క్రూ మరలా ఉండే వార్మ్ గేరు వాడండి. వార్మ్ ఒక చుట్టు తిరిగితే ఎదుటి గేరు ఒక్క పన్ను మాత్రమే కదులుతుంది, పైగా ఎదుటి గేరు వార్మ్‌ను వెనక్కి తిప్పలేదు, కనుక మోటారు ఆపినా తొట్టి ఎక్కడిదక్కడే నిలుస్తుంది.

ప్రశ్న: మా అన్నదమ్ములం కలిసి ఒక జీపు కట్టాం. ఒక వెనక చక్రం రాయి మీద గాల్లోకి లేస్తే చాలు, అదొక్కటే గిర్రున తిరుగుతుంది, జీపు కదలదు. డిఫరెన్షియల్ తీసేయమని ఒకరు, తీస్తే మలుపు తిరగదని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయమంటారు? (ఇద్దరు ఇంటర్ విద్యార్థులు, వడపళని)

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పారు. డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె, రెండు చక్రాలకూ సమానమైన మెలికనే ఇస్తుంది. గాల్లో ఉన్న చక్రాన్ని తిప్పడానికి బలమేమీ అక్కర్లేదు కాబట్టి, నేల మీద ఉన్న చక్రానికీ ఆ కొంచెమే అందుతుంది. అయితే అది ఎందుకు అవసరమో కూడా లెక్క కట్టి చూడండి. రెండు వెనక చక్రాల మధ్య దూరం 12 సెంటీమీటర్లయితే, లంబకోణంలో ఒక మలుపు తిరిగేసరికి బయటి చక్రం లోపలి చక్రం కంటే దాదాపు 19 సెంటీమీటర్లు ఎక్కువ దూరం నడుస్తుంది, మలుపు చిన్నదైనా పెద్దదైనా ఆ తేడా మారదు. 62 మిల్లీమీటర్ల చక్రానికి అది ఇంచుమించు ఒక పూర్తి చుట్టు. డిఫరెన్షియల్ లేకపోతే ఆ చుట్టంతా టైరు నేల మీద ఈడ్చుకుపోవాలి.

రాళ్ల మీద, ఇసుకలో ఈడ్చుకుపోవడం టైరుకు కష్టం కాదు. నున్నని టైల్స్ మీద కూడా జారిపోతుంది. గరుకు గచ్చు మీద మాత్రం యాక్సిల్ మెలిపడుతుంది. మీ జీపు రాళ్లెక్కడానికే అయితే వెనక డిఫరెన్షియల్ తీసేయండి, రెండు చక్రాలను ఒకే యాక్సిల్ మీద బిగించండి. రెండు పనులూ కావాలంటే, డిఫరెన్షియల్ పెట్టెనూ ఒక పక్క యాక్సిల్‌నూ ఒకే వేగంతో తిరిగేలా కలిపే చిన్న లివరు ఒకటి ఏర్పాటు చేయండి. పెట్టెతో పాటు ఒక పక్క తిరిగితే రెండో పక్కకూ అదే వేగం తప్పదు. ఈ తాళం కట్టడం కష్టమే, కానీ మీ వయసులో ఇంతకంటే మంచి పాఠం నాకు తోచదు.

ప్రశ్న: నేను పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. మనవడు ఊటీ రైలు చూసి వచ్చాడు, అప్పటి నుంచి ఆ ఇంజను ఇటుకలతో కట్టాలంటున్నాడు. పట్టాల మధ్య పళ్లు కూడా పని చేయాలట. సాధ్యమేనా? (ఒక తాతగారు, పెరంబూరు)

జవాబు: సాధ్యమేనండీ. 1955 అక్టోబరు 2న మొదలైన ఆ కర్మాగారంలో పనిచేసిన మీరు పక్కన ఉంటే మీ మనవడికి వేరే గురువు అక్కర్లేదు.

మెట్టుపాళయం నుంచి ఉదగమండలం దాకా సుమారు 46 కిలోమీటర్లున్న ఆ మార్గంలో కల్లార్ నుంచి కూనూరు దాకానే, ఇంజను పళ్ల చక్రంతో పట్టుకుని ఎక్కే పళ్ల పట్టా ఉంది. అక్కడ ఎత్తు అత్యధికంగా పన్నెండుకు ఒకటి చొప్పున లేస్తుంది. అది ఆబ్ట్ పద్ధతి: పళ్ల పట్టీలు రెండు పక్కపక్కన ఉంటాయి, ఒకదాని పళ్లు ఇంకోదాని సందులకు ఎదురుగా వస్తాయి. అందువల్ల ఏ క్షణంలోనైనా ఒక పన్ను గట్టి పట్టులో ఉంటుంది.

ఇటుకల్లో ఇది చక్కగా కుదురుతుంది. నాలుగు బుడిపెల పొడవున్న పళ్ల పట్టీ పొడవు 32 మిల్లీమీటర్లు, దాని మీద 10 పళ్లు, అంటే పన్నుకు పన్నుకు మధ్య 3.2 మిల్లీమీటర్లు. రెండో వరసను సరిగ్గా ఒక్క బుడిపె, అంటే 8 మిల్లీమీటర్లు, ముందుకు జరపండి. 8ని 3.2తో భాగిస్తే రెండున్నర వస్తుంది. ఆ అర పన్ను తేడాయే మనకు కావలసింది. ఎత్తు కూడా అంతే సులువు. ప్రతి అయిదు బుడిపెల దూరానికి ఒక ప్లేట్ చొప్పున స్తంభాల ఎత్తు పెంచుకుంటూ పోయి, వాటి మీద పొడవైన బీమ్‌లను వాలుగా పరచండి. 40 మిల్లీమీటర్లకు 3.2 అంటే పన్నెండున్నరకు ఒకటి, అసలు మార్గానికి చాలా దగ్గర.

చిక్కు గేర్ల దగ్గర వస్తుంది. రెండు పట్టీలకు రెండు గేర్లు కావాలి, వాటి పళ్లూ అర పన్ను తేడాతో ఉండాలి. యాక్సిల్ ఆకారం కూడిక గుర్తులాంటిది కనుక గేరును దాని మీద నాలుగు దిక్కుల్లోనే ఎక్కించగలం. 8, 12, 16, 20, 24 అన్నీ నాలుగుతో భాగించబడే సంఖ్యలే కాబట్టి ఎటు తిప్పి ఎక్కించినా పళ్లు ఒకే వరసలో నిలుస్తాయి, అర పన్ను తేడా రాదు. రెండు గేర్ల మధ్య డిఫరెన్షియల్ పెడితే ఒక్కో గేరు తన పట్టీకి తానే సర్దుకుంటుంది. అప్పుడు పట్టీల మధ్య ఎడం అసలు మార్గంలో కంటే పెరుగుతుంది, దానికి ఒప్పుకోక తప్పదు. పట్టాల మీది చక్రాలకు మాత్రం మోటారు కలపకండి. చక్రం అంచు వేగం, పళ్ల గేరు వేగం కొంచెం తేడా వచ్చినా ఒకటి ఇంకోదాన్ని ఈడుస్తుంది. ఆ మార్గంలోని ఎక్స్ శ్రేణి ఆవిరి ఇంజన్లలో నాలుగు సిలిండర్లు పెట్టి, రెండింటిని పట్టాల చక్రాలకు, రెండింటిని పళ్ల చక్రాలకు విడిగా కేటాయించారు. మన నమూనాలో చక్రాలు ఊరికే దొర్లితే చాలు.

ప్రశ్న: రీచార్జ్ చేసుకునే సెల్స్ వేస్తే క్రేను నెమ్మదిగా తిరుగుతోంది. సెల్స్ పాడయ్యాయా? (ఒక పాఠకురాలు, తాంబరం)

జవాబు: పాడవలేదు. మామూలు ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు, రీచార్జ్ చేసే నికెల్ రకం సెల్ 1.2 వోల్టులు. ఆరు ఏఏ సెల్స్ పట్టే పెట్టెలో మొదటిది 9 వోల్టులు, రెండోది 7.2 వోల్టులు ఇస్తుంది, వేగం ఆ మేరకు తగ్గుతుంది. క్రేనుకు ఇది నష్టం కాదు, పైగా నికెల్ సెల్స్ బరువు పడినప్పుడు వోల్టేజిని బాగా నిలబెడతాయి. అయితే కొత్తవీ పాతవీ, రెండు రకాలవీ ఒకే పెట్టెలో కలిపి వేయకండి. ఆరూ ఒకేసారి చార్జ్ చేయండి. చార్జరు కొనడానికి రిచీ స్ట్రీట్ వెళ్తే, ఒక్కో సెల్‌ను విడిగా చూసుకునే రకమే అడగండి.

ప్రశ్న: ముక్కలు కొనక ముందే కంప్యూటర్‌లో బండిని గీసి చూడవచ్చా? (ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, గిండీ)

జవాబు: చూడవచ్చు, చూడాలి కూడా. బ్రిక్‌లింక్ వారి స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. 1995లో ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ జెస్సిమన్ మొదలుపెట్టిన ఎల్‌డ్రా పద్ధతి కూడా ఇప్పటికీ వాడుకలో ఉంది. అందులో కొలత ప్రమాణం 0.4 మిల్లీమీటర్లు, ఆ లెక్కన బుడిపెకు బుడిపెకు దూరం 20, ఇటుక ఎత్తు 24, ప్లేట్ ఎత్తు 8, అన్నీ పూర్ణాంకాలే. ముక్క ముక్కలో దూరిపోతోందా, ఎన్ని ముక్కలు కావాలి అన్న ప్రశ్నలకు తెర మీదే జవాబు దొరుకుతుంది. యాక్సిల్ ఎంత వంగుతుంది, గేరు ఎంత రాపిడి పడుతుంది అన్నవి మాత్రం తెర మీద తెలియవు. అందుకని మొత్తం బండికి ముక్కలు తెప్పించుకునే ముందు, మోటారు, ఒక గేరు జత, ఒక చక్రం ఉన్న చిన్న చట్రం కట్టి, దాని మీద కిలో బియ్యం సంచి ఒకటి పెట్టి నడిపి చూడండి.