స్కూలు ఆఫీసులో కొత్తగా చేరిన లలితకు

చి.సౌ. లలితకు ఆశీస్సులు.

కాలిఫోర్నియాలో పబ్లిక్ స్కూలు ఆఫీసులో చేరావని, అడ్మిషన్లూ రికార్డులూ నీకే అప్పగించారని రాశావు. ఇమిగ్రేషన్ ఆఫీసర్లు వస్తే ఏం చెయ్యాలని అడిగావు కదా, అది తరవాత చెప్తాను. ముందు నీ బీరువా సంగతి చూసుకో. ఫైల్లో లేని కాగితాన్ని ఎవరూ పట్టుకెళ్లలేరు.

మనవాళ్లు అడ్మిషన్‌కి వస్తే అడిగినా అడక్కపోయినా పాస్‌పోర్టు, వీసా, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఐ-797 (ఇమిగ్రేషన్ వాళ్ల ఆమోద పత్రం) ఉన్న ఫోల్డరు మొత్తం నీ ముందు పెట్టేస్తారు. అన్నీ జెరాక్స్ తీసి దాచకు. నీకు కావలసింది వయసు, చిరునామా, టీకాలు, అంతే. వయసుకు పాస్‌పోర్టే తెస్తే పుట్టిన తేదీ చూసి, చూశానని రాసుకుని, వెంటనే తిరిగిచ్చెయ్యి. వీసా పేజీ దాకా వెళ్లనక్కర్లేదు. ఇమిగ్రేషన్ స్టేటస్ లేదని పిల్లల్ని బడికి దూరం చెయ్యకూడదని 1982లోనే ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. చట్టం ప్రత్యేకంగా కోరితే తప్ప స్టేటస్ వివరాలు సేకరించవద్దని కాలిఫోర్నియాలో 2017 నాటి ఏబీ 699 అనే రాష్ట్ర చట్టం చెప్తుంది. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) పిల్లలే కదా, భయమేముంది అనుకోకు. హెచ్-1బీ ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఇవాళ సక్రమంగా ఉన్న కాగితం రేపటికి అలాగే ఉండాలని లేదు.

బయటి దేశంలో పుట్టి, అమెరికా బడుల్లో మూడేళ్లకు మించి చదవని పిల్లల లెక్క ఫెడరల్ నిధుల కోసం అడుగుతారు. దాన్ని అడ్మిషన్ ఫారంలో కలపకు. చేరాక, విడిగా తీసుకో. భోజనం ఫారంలో సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగు అంకెలు అడిగితే, నంబరు లేదనే గడి కూడా అక్కడే ఉంటుందని తల్లిదండ్రులకు చూపించు. అది చూడక చాలామంది ఫారమే మానేస్తారు.

అందరూ పొరపడేది హాజరు దగ్గర. “వాళ్ల నాన్నని ఐస్ వాళ్లు తీసుకెళ్లారట” అని, అంటే ఇమిగ్రేషన్ వాళ్లు పట్టుకెళ్లారని, రిమార్కుల్లో ఎక్కించారా, అది ఆ పిల్లాడి రికార్డైపోతుంది. గైర్హాజరు కోడ్ వెయ్యి, చాలు. టీచర్లకు పంపే ఈమెయిల్‌లోనూ అంతే జాగ్రత్త. ఇంకోటి, గుళ్లో కలిసిన ఆవిడ కౌంటరు దగ్గర నిలబడి “వాళ్లది ఏ వీసా?” అని అడిగితే నవ్వి ఊరుకో.

1974 నాటి ఫెర్పా అనే ఫెడరల్ చట్టం విద్యార్థుల రికార్డులను కాపాడుతుంది గానీ దానికో సందుంది. పేరు, చిరునామా, ఫోన్ లాంటివాటిని స్కూలు జిల్లా ‘డైరెక్టరీ సమాచారం’గా ప్రకటిస్తే తల్లిదండ్రుల సంతకం లేకుండానే ఇవ్వొచ్చు. వద్దని రాసిస్తే ఆపాలి. ఆ ఫారం ఆగస్టు కాగితాల కట్టలో అడుగున పడిపోతుంది. నువ్వు పైన పెట్టు. వద్దన్నవాళ్లను కంప్యూటర్లోనూ గుర్తు పెట్టు, కాగితం మీద మాత్రమే ఉంటే ఇయర్‌బుక్ వాళ్లకీ పీటీఏ (తల్లిదండ్రులు, టీచర్ల సంఘం) వాళ్లకీ జాబితా వెళ్లిపోతుంది.

ఇక ఆఫీసర్లు వచ్చిన రోజు. బడుల జోలికి రారన్న పాత ధీమా వద్దు, ఆ మార్గదర్శకాలను 2025 జనవరిలో ఎత్తేశారు. ముందు గదిలోనే కూర్చోబెట్టి, పేరు, బ్యాడ్జి నంబరు రాసుకుని, కాగితం కాపీ తీసుకుని ప్రిన్సిపల్‌కు, జిల్లా ఆఫీసుకు ఫోన్ చెయ్యి. “అనుమతి ఇచ్చే అధికారం నాకు లేదు” అన్న ఒక్క మాట చాలు. ఆ పిల్ల ఇవాళ బడికొచ్చిందా అని మాటల్లో అడుగుతారు; అవునన్నా కాదన్నా సమాచారమే.

కాగితంలో చూడాల్సింది సంతకం. ఐ-200 (అరెస్టు వారంటు), ఐ-205 (దేశం నుంచి పంపించే వారంటు) ఫారాల మీద సంతకం ఇమిగ్రేషన్ అధికారిది, జడ్జిది కాదు. వాటితో తరగతి గదుల్లోకి రానివ్వక్కర్లేదు. 2025 నాటి కాలిఫోర్నియా చట్టం ఏబీ 49 అయితే రానివ్వకూడదనే అంటుంది. కోర్టు పేరు, జడ్జి సంతకం, చోటు, తేదీ ఉంటే అది వేరే సంగతి, లాయరు చూస్తారు. ఇమిగ్రేషన్ ఏజెన్సీ తానే ఇచ్చే సబ్‌పీనాకు (రికార్డులివ్వమనే నోటీసుకు) అప్పటికప్పుడు ఫైలు తీసివ్వాల్సిన పని లేదు, అమలు చేయించాలంటే వాళ్లు కోర్టుకు వెళ్లాలి. రికార్డులివ్వమని కోర్టు ఆర్డరే వచ్చినా, రహస్యంగా ఉంచమని అందులో లేకపోతే, ఇచ్చే ముందు తల్లిదండ్రులకు తెలియజేసే ప్రయత్నం చెయ్యాలని ఫెర్పా నియమం. బలవంతంగా లోపలికి వెళ్తే అడ్డుపడకు. ఒప్పుకోవడం లేదని చెప్పి, జరిగింది రాసిపెట్టు. అబద్ధం చెప్పకు, కాగితాలు చించకు, అవి నేరాలు.

ఎమర్జెన్సీ కార్డులు ఈ వారమే తిరగెయ్యి. తల్లిదండ్రులను పట్టుకెళ్తే, చైల్డ్ ప్రొటెక్షన్ వాళ్లను పిలిచే ముందు ఆ కార్డులో ఉన్నవాళ్లందరినీ ప్రయత్నించాలని ఏబీ 699 అంటుంది. మనవాళ్ల కార్డుల్లో రెండో నంబరు తరచూ గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తాతగారిది. గంటలో బడి గేటు దగ్గరికి రాగలిగినవాళ్ల పేర్లు ఇద్దరివైనా రాయించు.